అణు పరిశోధనాలయాల ద్వారాలు – దేశాల సరిహద్దులు

అణుకేంద్రకాన్ని పరిశోధించుటకు మేధస్సు ఒక్కటే చాలదు. కణాలకు మహావేగమిచ్చే త్వరణయంత్రం, న్యూట్రానులనిచ్చే రియాక్టరు కావలెను. ఇట్టి యంత్రాలు అపారమైన వ్యయంతో కూడినవి. ప్రతి దేశమూ నెలకొల్పుకొనజాలదు. కావున యంత్రం ఒకచోట, దాని అవసరమున్న శాస్త్రజ్ఞుడు వేరొకచోట ఉండుట సహజం. ఈ ఇరువురినీ కలిపే మార్గమేది? చిలుకూరు, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో విజ్ఞానశాస్త్రం చదివే మన విద్యార్థులకు ఈ ప్రశ్నతో పనిలేదని మేము భావించము.

మొదట తెలుగువాని కథనే చూతము. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానంద సన్యాసి. వేదాంతోపన్యాసాలకై ఐరోపా వెళ్లి, భౌతికశాస్త్రంవైపు ఆకర్షితులైనారు. ప్రాగ్ నగరంలో ఎక్స్-కిరణాలపై పరిశోధించినారు. పిదప లివర్‌పూల్‌లో, న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ వద్ద పనిచేసినారు. స్వదేశానికి తిరిగివచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసినారు. వారికి ద్వారం తెరిచినది స్వయంకృషి, కొందరు ఆచార్యుల ఔదార్యం. అయితే అందరికీ అట్టి అదృష్టం పట్టదు.

ఈ లోటును స్వానుభవంతో గ్రహించిన మహనీయుడు ఆచార్య అబ్దుస్ సలాం. కేంబ్రిడ్జిలో చదివి 1951లో లాహోరు చేరిన ఆయనకు అక్కడ చర్చించుటకు తోటి పరిశోధకులు లేరు. కళాశాల ఫుట్‌బాల్ జట్టు బాధ్యత మాత్రం లభించినది! 1954లో దేశం విడిచి మరల కేంబ్రిడ్జికి వెళ్లవలసివచ్చినది. స్వదేశమా, విజ్ఞానమా అను ఈ సంకటం మరెవ్వరికీ రాకూడదని తలచి, 1964లో ఇటలీలోని ట్రియెస్టె నగరంలో అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రాన్ని స్థాపించినారు. వర్ధమాన దేశాల శాస్త్రజ్ఞులు స్వదేశంలో ఉద్యోగం విడువకయే, కొన్ని వారాలో నెలలో అక్కడ గడిపి తిరిగివచ్చే 'అసోసియేట్' పథకం వారి ఆలోచనయే. 1979లో వారికి నోబెల్ బహుమానం లభించినది.

యంత్రాల విషయంలోనూ ఇట్టి ఏర్పాట్లు వెలసినవి. 1954లో జెనీవా వద్ద ఏర్పడిన సెర్న్ సంస్థలో పాకిస్తాన్ 2015లోనూ, భారతదేశం 2017లోనూ అసోసియేట్ సభ్యత్వం పొందినవి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2014లో ఒక పథకం ప్రారంభించి, పెద్ద రియాక్టర్లున్న కేంద్రాలకు గుర్తింపునిచ్చి, రియాక్టర్లు లేని దేశాల వారికి వాటిని అందుబాటులోనికి తెచ్చుచున్నది. జోర్డాన్‌లో 2017లో ప్రారంభమైన 'సెసమీ' కేంద్రంలో ఇరాన్, ఇజ్రాయెల్, పాకిస్తాన్ దేశాలు ఒకే యంత్రానికి భాగస్వాములు. రాయబారులు కూర్చొనని చోట శాస్త్రజ్ఞులు కూర్చొనుట గమనించదగినది.

అయినను ఆటంకాలు లేకపోలేదు. అణువిజ్ఞానం ఆయుధాలకూ దారితీయును గనుక ప్రభుత్వాలు సందేహించును. 1974, 1998 అణుపరీక్షల పిదప మన అణుసంస్థలు విదేశీ ఆంక్షలకు గురియైనవి. 2008లో అణు సరఫరాదారుల బృందం మినహాయింపునిచ్చిన తరువాతనే పరిస్థితి చాలవరకు మెరుగుపడినది. వీసా, ప్రయాణవ్యయం నేటికీ యువ పరిశోధకునికి భారమే.

మరి ప్రవేశం లభించు విధమేమి? పరిశోధకుడు తన ప్రశ్నను, కావలసిన యంత్రకాలాన్ని వివరించి ప్రతిపాదన పంపవలెను. నిపుణుల సంఘం దాని యోగ్యతను నిర్ణయించును. ఈ అభ్యాసం స్వదేశంలోనే ఆరంభించవచ్చును. విశ్వవిద్యాలయాల ఉమ్మడి వినియోగానికి ఢిల్లీలో 1984లో స్థాపితమైన కేంద్రంలో కోటిన్నర వోల్టుల త్వరణయంత్రం ఉన్నది. చిన్న కళాశాలలో చదివినవాడైనను, ప్రశ్న గట్టిదైనచో అక్కడికి చేరగలడు.

కావున విద్యార్థి మిత్రులారా, గణితాన్ని, భౌతికశాస్త్రాన్ని శ్రద్ధతో అభ్యసించండి. ఉర్దూ, తెలుగులతోపాటు ఆంగ్లంలోనూ మీ భావాన్ని స్పష్టంగా వ్రాయుట నేర్వండి. ప్రయోగశాలను, గ్రంథాలయాన్ని పెంపొందించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను మేము సవినయంగా కోరుచున్నాము. ద్వారాలు తెరిచేవారు లోకంలో ఉన్నారు. తట్టగల చేతులను సిద్ధం చేయుట మన పని.