బాయిలర్ బాగానే ఉంది... మరి పై గదిలో ఈ చలేంటి?

రాత్రి రెండింటికి పాపకి పాలు కలపడానికి లేచా. గదిలో థర్మామీటర్ చూస్తే 13 డిగ్రీలు! పసిపిల్లల గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలని ఇక్కడ ఇంగ్లండ్‌లో నర్సులు మరీమరీ చెబుతారు. పక్క గదిలో కూతురి పురుడు కోసం ఖమ్మం నుంచి వచ్చిన మా అత్తయ్య. రెండు స్వెటర్లు, మీద శాలువా, కాళ్లకి సాక్సులు. ‘చలేస్తోందా అత్తయ్యా?’ అంటే, ‘అబ్బే, బానే ఉంది బాబూ’ అన్నారు. అల్లుడి ఇంట్లో లోపం ఉందని ఏ అత్తగారు చెబుతారు?

మాది మిల్టన్ కీన్స్‌లో అద్దె ఇల్లు. వంటగదిలో గ్యాస్ బాయిలర్ నీళ్లు వేడిచేసి, గొట్టాల ద్వారా గదుల్లోని రేడియేటర్లకు పంపుతుంది. కింది అంతస్తు ఒక జోన్, పైది ఇంకో జోన్. దేని థర్మోస్టాట్ దానిదే. దేని వాల్వ్ దానిదే. కింద హీటింగ్ రాత్రి పదింటికి ఆగిపోయేలా, పైన తెల్లవార్లూ 19 డిగ్రీలు ఉండేలా పెట్టుకున్నాం.

తోచినట్టల్లా చేశా

మొదట థర్మోస్టాట్ బ్యాటరీలు మార్చా. తర్వాత రేడియేటర్లలో గాలి తీశా. రెండూ దండగే. ఎర్రర్ ఎక్కడుందో చూడకుండా కోడ్ మార్చేసే ఫ్రెషర్‌లా తయారయ్యా. ఇంటి ఏజెంటుకి ఫోన్ చేస్తే, ‘శనివారం మనిషిని పంపిస్తాం’ అన్నారు. అప్పటికి బుధవారం.

పొద్దున కాఫీ ఇస్తూ అత్తయ్య మెల్లగా అన్నారు... ‘నాకేం తెలీదు గానీ బాబూ, రాత్రి పదయ్యాక వంటగదిలో ఆ హోరు ఆగిపోతోంది. మళ్లీ తెల్లారి ఆరింటికే వినపడుతోంది.’

ఆరింటికి మొదలయ్యేది కింది జోన్! బుర్రలో లైటు వెలిగింది.

నాలుగే నాలుగు కేసులు

కాగితం తీసుకుని రాశా. రెండు జోన్లూ ఆఫ్: బాయిలర్ ఆఫ్, కరెక్టే. కింద మాత్రమే ఆన్: కింద వెచ్చగా ఉంది, కరెక్టే. రెండూ ఆన్: పైన, కింద రెండుచోట్లా వేడి వస్తోంది. పైన మాత్రమే ఆన్: బాయిలర్ ఉలకదు, పలకదు.

మూడో కేసులో పైకి వేడినీళ్లు వెళ్తున్నాయంటే పై గొట్టాల్లో అడ్డేమీ లేదు. బాయిలర్ కూడా బాగున్నట్టే. మరి నాలుగో కేసులో ఏమైంది?

మెట్లపక్క అల్మరాలో రెండు వాల్వులున్నాయి. ఒక్కోదానికీ పక్కన చిన్న మీట. వాల్వ్ మూసి ఉంటే అది బిగుతుగా, మోటారు తెరిచాక వదులుగా ఉంటుంది. కింది జోన్ ఆపి, పై థర్మోస్టాట్ పెంచా. సన్నగా మోటారు చప్పుడు. కాసేపటికి మీట వదులైంది. అంటే థర్మోస్టాట్ అడిగింది, వాల్వ్ తెరుచుకుంది. కానీ బాయిలర్‌కి ఆ సంగతి తెలీలేదు!

ఆ కబురు చెప్పేది వాల్వ్ లోపలుండే చిన్న స్విచ్. వాల్వ్ పూర్తిగా తెరుచుకోగానే అది నొక్కుకుని బాయిలర్‌ని ఆన్ చేయిస్తుంది. మా పై వాల్వ్‌లో పాడైంది అదే. కింది స్విచ్ పనిచేసినప్పుడు పైకి కూడా వేడి వస్తుండటంతో పగలు లోపం బయటపడలేదు.

శనివారం దాకా ఏం చేశామంటే, రాత్రిళ్లు కింద కూడా హీటింగ్ ఆన్‌లోనే ఉంచాం. గ్యాస్ బిల్లు పెరుగుతుంది, పెరగనీ. పాప గది 19కి వచ్చింది.

వాల్వ్ మూత మాత్రం నేను తీయలేదు. అందులో 230 వోల్టుల కరెంటు ఉంటుంది. ఇక గ్యాస్ బాయిలర్ జోలికైతే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే వెళ్లాలి, ఇక్కడ చట్టమే అంత. శనివారం వచ్చినాయనకి నా కాగితం చూపించా. మీటర్ పెట్టి చూసి, తలూపి, వాల్వ్ పైభాగం మార్చేశారు. గొట్టాల్లో నీళ్లు తీసే పనే పడలేదు. అరగంటలో అయిపోయింది.

మీ ఇంట్లో ఇలాంటిదే వస్తే, వస్తువులు మార్చే ముందు ఏది ఆన్‌లో ఉన్నప్పుడు ఏది పనిచేస్తోందో రాసుకోండి. ఇంట్లోవాళ్లు ఏం గమనించారో కూడా అడగండి. ‘బానే ఉంది’ అంటే ఊరుకోకండి, ఇంకోసారి అడగండి.

ఆ రాత్రి అత్తయ్య గది తలుపు తీసుకుని బయటికొచ్చారు. శాలువా లేదు, స్వెటర్ లేదు.

‘బాబూ, ఉక్కపోస్తోంది. కాస్త తగ్గిస్తావా?’