సముద్రం మీద తొలి పాఠం

తరగతి గదిలో ఉపాధ్యాయుడు నిలబడి పాఠం చెబుతాడెందుకు? పిల్లలకు తాను కనబడడానికని చాలామంది అనుకొంటారు. ఆ వృత్తిలో కొంతకాలం గడిపినవారికి అసలు సంగతి తెలుసు. పిల్లలు తనకు కనబడడానికే ఆయన నిలబడతాడు. చివరి బల్ల మీద తల వాల్చినదెవరు, పుస్తకం తెరిచి దిక్కులు చూస్తున్నదెవరు, అర్థంకాక, అడగలేక బిక్కమొగం వేసినదెవరు - కూర్చున్నవానికి ఇవేవీ కంటబడవు.

ఈ చిన్న కారణం నుంచే ఒక జలక్రీడ పుట్టినదంటే వింతగా తోచవచ్చును.

పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి ద్వీపాలలో ఓహూ ఒకటి. హోనలూలూ నగరం ఆ ద్వీపం మీదనే ఉన్నది. ఆ నగరంలోనిదే వైకికీ అనే సుప్రసిద్ధమైన ఇసుకతీరం. పొడుగాటి పలక మీద నిలిచి కెరటం వెంట జారిపోయే సర్ఫింగ్ విద్య హవాయి జనులకు తరతరాల సొత్తు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో నూరు మీటర్ల ఈతలో స్వర్ణపతకం గెలిచిన డ్యూక్ కహానమోకు ఈ తీరంలో పెరిగినవాడే. ఆ విద్యను లోకానికి చాటినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

వైకికీకి వచ్చే యాత్రికులకు ఈ విద్య నేర్పే శిక్షకులను బీచ్ బాయ్స్ అని పిలిచేవారు. శిక్షకుడు పలక మీద బోర్లా పడుకొని చేతులతో నీళ్ళు తోసుకొంటూ పోతే, కెరటానికి ఆవలనున్న శిష్యుడు ఆయనకు కనబడడు; వెనుకనుంచి రాబోయే పెద్ద కెరటమూ కనబడదు. అందుచేత 1940 ప్రాంతాలలో డ్యూక్, లీరాయ్ అహ్‌చోయ్, బాబీ అహ్‌చోయ్ మొదలైనవారు తెడ్డు చేతబట్టి, పలక మీద నిలబడి సముద్రంలోకి పోయేవారని ఆ క్రీడ చరిత్ర చెప్పేవారంటారు. శిష్యులను కనిపెట్టి ఉండడానికి గురువులు ఎంచుకొన్న ఆ భంగిమే నేటి స్టాండప్ పాడిల్ బోర్డింగ్ అనే క్రీడకు మూలం. లెయర్డ్ హామిల్టన్ వంటి పేరుమోసిన కెరటవిహారులు దానిని మళ్ళీ చేపట్టిన తరువాత, ఈ శతాబ్దం తొలి దశాబ్దంలో అది ప్రపంచమంతటా వ్యాపించినది.

మన తీరవాసులకు ఈ దృశ్యం బొత్తిగా కొత్తది కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలో దుంగలను త్రాళ్ళతో బిగించిన తెప్ప మీద మోకాళ్ళూని, ఒక్కొక్కప్పుడు నిలబడి, తెడ్డు వేస్తూ కెరటాలు దాటిన జాలరుల బ్రతుకు మన పెద్దలు ఎరిగినదే. ఈనాడు ఆ తెప్పల స్థానాన్ని ఫైబరు పడవలు చాలావరకు ఆక్రమించినవి. జాలరి కూటి కోసం పోయినాడు. యాత్రికుడు వినోదం కోసం పోతున్నాడు. అయినా సముద్రం ఇద్దరినీ అడిగేది ఒక్కటే - అడుగు పెట్టక ముందు నన్ను చదువుకొన్నావా అని.

ఆ చదువు ఎలా మొదలవుతుందో చూద్దాము. వైకికీకి సమీపంలో ఆలా మోవానా అనే ఉద్యానతీరం ఉన్నది. దాని ముందున్న పగడపు దిబ్బ కెరటాల ఉధృతిని అడ్డగిస్తుంది గనుక లోపలి నీరు చెరువువలె నిలకడగా ఉంటుంది. కొత్తవారికి అంతకంటె తగిన బడి లేదు. పలక సుమారు పదిన్నర అడుగుల పొడుగు, రెండున్నర అడుగులకు కొంచెం మించిన వెడల్పు ఉంటుంది. తెడ్డు మనిషి ఎత్తుకన్న జానెడు ఎక్కువ. మొదటి పాఠం నీటిలో కాదు, ఇసుక మీద జరుగుతుంది. తెడ్డు ఆకు ముందుకు వంగి ఉండవలెను. కొత్తవారు తరచుగా దానిని తిరగవేసి పట్టుకొంటారు. పలకకు, కాలికి కలిపి ఒక త్రాడు కడతారు. పడిపోయినా పలక దూరం కాకుండుటకే ఆ బంధం.

నీటిలో దిగిన తరువాత మొదట మోకాళ్ళ మీదనే సాగాలి. గరిమనాభి ఎంత క్రిందుగా ఉంటే నిలకడ అంత హెచ్చు అన్న సూత్రం పదవ తరగతి పిల్లవానికి పుస్తకంలో తెలుసు; ఇక్కడ మోకాళ్ళకు తెలుస్తుంది. తరువాత పలక నడుమ, రెండు పాదాలూ భుజాల వెడల్పున సమాంతరంగా ఉంచి, మోకాళ్ళు కొద్దిగా వంచి లేవాలి. చూపు పాదాల మీద కాక దూరాన ఆకాశం, నీరు కలిసే గీత మీద నిలపాలి. కాళ్ళవంక చూచినవాడు పడతాడు. నిలిచిపోయినవాడు కూడా పడతాడు. తెడ్డు వేసేవాడు నిలుస్తాడు. సైకిలు నేర్చినవారికి ఈ రహస్యం వివరించనక్కరలేదు.

అన్నిటికన్న విలువైన పాఠం పడడం. పలక మీదికి కాక ప్రక్కకు, నీటిలోనికి వెల్లకిలగానో బోర్లగానో పడాలి. కాళ్ళు ముందుగా దింపకూడదు. లోతు తక్కువైన చోట క్రిందనున్న పగడం కాలిని చీలుస్తుంది, కాలు పగడాన్ని విరుస్తుంది. మంచి శిక్షకుడు శిష్యులచేత కావాలనే రెండుమూడు సార్లు పడవేయిస్తాడు. భయం పోవడానికి అంతకన్న మందు లేదు.

ఇక గాలి సంగతి. హవాయిలో ఏడాదిలో ఎక్కువకాలం ఈశాన్య వ్యాపార పవనాలు వీస్తాయి. ద్వీపపు దక్షిణ తీరంలో ఆ గాలి నేల మీదనుంచి సముద్రం వైపు పోతుంది. ఒడ్డున నీరు అద్దంవలె కనిపిస్తుంది. కొత్తవానికి అది అభయంగా తోస్తుంది. కాని నిలబడిన మనిషి ఒంటికి గాలి తెరచాపకు తగిలినట్లే తగిలి, తెలియకుండా లోపలికి తోసుకొనిపోతుంది. అందుచేత ఎరిగిన మార్గదర్శి పోయేటప్పుడు గాలికి ఎదురుగా తీసుకొనిపోతాడు; అలసినవేళ గాలివాలుగా ఇంటికి మళ్ళిస్తాడు. గాలి హెచ్చితే సిగ్గుపడక మోకాళ్ళ మీద కూర్చోమంటాడు.

నీటి మీద నిలవడం ఒక చదువైతే, నీటి లోపలికి తొంగిచూడడం మరొకటి. ఓహూ ద్వీపపు ఆగ్నేయ కొనలో హనౌమా అనే అఖాతం ఉన్నది. వేలాది సంవత్సరాల క్రితం అగ్నిపర్వతం ప్రేలి ఏర్పడిన గిన్నెవంటి బిలానికి ఒకవైపు గోడను సముద్రం కోసివేసి లోపలికి వచ్చినది. మూడువైపుల కొండ, నడుమ పచ్చని, నీలి నీరు, అడుగున పగడపు దిబ్బలు.

ఇక్కడ స్నార్కెలింగ్ నేర్చుకొనేవారికి కావలసిన సామగ్రి స్వల్పం: కళ్ళను, ముక్కును కప్పే అద్దపు తొడుగు, నోటిలో ఉంచుకొనే గొట్టం, కాళ్ళకు రబ్బరు రెక్కలు. నీటి మీద బోర్లా తేలుతూ నోటితో గాలి పీల్చుకొంటూ క్రిందికి చూడడమే పని. ఆ గొట్టం అడుగు పొడుగుకు కొంచెం మించదు. ఇంకా పొడుగుగా చేసి లోతుకు పోరాదా అని చురుకైన విద్యార్థి అడుగుతాడు. ఒక మీటరు లోతుననే వాతావరణ పీడనంలో పదవవంతు అదనపు భారం రొమ్మును అదుముతుంది. ఊపిరి కండరాలు దానికి ఓడిపోతాయి. పైగా వదిలిన చెడుగాలి పొడుగాటి గొట్టంలోనే నిలిచి, తిరిగి లోపలికే వస్తుంది. మరొక వింత కూడా ఉన్నది. కాంతి వక్రీభవనంవల్ల నీటిలోని వస్తువు మూడింట ఒకవంతు పెద్దదిగా, నాలుగింట ఒకవంతు దగ్గరగా కనిపిస్తుంది. ప్రక్కనున్నదనుకొని చేయి చాచినవానికి చేప అందదు!

ఆ లోకంలో కనబడేవి ఎన్నని చెప్పను? చిలుక ముక్కువంటి పళ్ళతో పగడాన్ని గీకి, దాని మీది నాచును తిని, పొడిని ఇసుకగా విసర్జించే చిలుకచేపలు. పెద్దజాతి చేప ఒక్కటి ఏడాదికి కొన్ని వందల కిలోల ఇసుకను చేయగలదు. మనం కాళ్ళు చాపి కూర్చొనే తెల్లని ఇసుకలో కొంతభాగం దాని చలవే. హుముహుమునుకునుకుఆపువఅ అనే చేప హవాయి రాష్ట్రపు అధికార మత్స్యం. పంది ముట్టెవంటి మూతి గలదని ఆ పేరుకు అర్థం. మన పిల్లలు ఆ పేరును ఒక్క ఊపిరిలో పలకడానికి పందెం వేసుకోవచ్చును. తీరికగా ఈదుతూ పోయే ఆకుపచ్చ తాబేలు 1978 నుంచి అమెరికా చట్టరక్షణలో ఉన్నది.

ఇంత సౌందర్యం ఉన్న చోటికి జనం రాక మానుతారా? 1957లో హవాయికి, అమెరికా ఖండానికి మధ్య వేసిన సముద్రగర్భపు టెలిఫోను కేబులు ఈ అఖాతంలోనే ఒడ్డు చేరినది. దానికి దారికోసం పగడపు దిబ్బను ప్రేల్చారు. 1961లో బ్లూ హవాయి అనే చలనచిత్రం ఈ తీరాన్ని లోకానికి చూపినది. 1967లో హనౌమాను రక్షిత సముద్రజీవి ప్రాంతంగా ప్రకటించి చేపలు పట్టడం మాన్పించారు. హవాయిలో అటువంటి ప్రాంతాలలో అదే మొదటిది. వేటగాని వల తొలగినది, కాని ప్రేమించి వచ్చినవారి పాదాలు మిగిలినవి. 1980ల చివరకు ఏడాదికి సుమారు ముప్పది లక్షలమంది రాసాగారు. రొట్టెముక్కలు, బఠాణీలు వేసి చేపలకు బిచ్చం మప్పారు. అలసినవారు పగడం మీదనే నిలబడి సేదదీరారు.

పగడం రాయి కాదు. సన్నని జీవులు కోట్లాదిగా చేరి కట్టుకొన్న ఇల్లు అది. ఇక్కడి గుండ్రాతివంటి జాతి పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అడుగెత్తు పగడాన్ని విరిచినవాడు ముప్పదేళ్ళ పనిని ఒక్క క్షణంలో చెరిచినవాడవుతాడు. దుర్మార్గంచేత కాదు, తెలియక. తెలియనివానికి శిక్షకన్న ముందు శిక్షణ కావాలి గదా! 1990 నుంచి నగరపాలకులు రాకపోకలను క్రమపరిచారు. చేపలకు మేత వేయడం నిషేధించారు. 2002లో అక్కడ ఒక విద్యాకేంద్రం తెరిచారు. నాటినుంచి కొత్తగా వచ్చినవారు ఎంతటివారైనా తొమ్మిది నిమిషాల చిత్రపాఠం చూచిన పిమ్మటనే నీటివద్దకు దిగవలెను. త్రొక్కవద్దు, తాకవద్దు, మేపవద్దు, ఒంటరిగా పోవద్దు - ఆ పాఠసారం ఇంతే. కొన్ని రసాయనాలు పగడానికి హాని చేస్తాయన్న కారణాన, అవి కలిసిన ఎండలేపనాల అమ్మకాన్ని హవాయి రాష్ట్రం 2021 జనవరి 1 నుంచి నిషేధించినది.

2020లో కరోనా కారణంగా హనౌమాను మార్చి మొదలు సుమారు తొమ్మిది నెలలు మూసివేశారు. మనుష్యులు లేని ఆ నెలలలో నీరు తేటపడినదని, అపురూపమైన మాంక్ సీళ్ళు తరచుగా కనిపించినవని పరిశీలకులు గుర్తించారు. బడి తిరిగి తెరిచారు గాని, పాతవలె కాదు. ముందుగా పేరు నమోదు చేసుకొన్న పరిమిత సంఖ్యకే ప్రవేశం. వారానికి రెండు రోజులు అఖాతానికి సెలవు. ఆదివారపు విలువ తెలిసిన మనకు ఆ సెలవు న్యాయమే అనిపిస్తుంది.

ఇక ఆ నాలుగవ మాట - ఒంటరిగా పోవద్దు - పగడం కోసం చెప్పినది కాదు, ప్రాణం కోసం చెప్పినది. హవాయికి వచ్చే యాత్రికుల జలమరణాలకు కారణాలలో స్నార్కెలింగ్ మొదటి స్థానంలో ఉన్నదని అక్కడి ఆరోగ్యశాఖ లెక్కలు తెలుపుతున్నవి. అంత తేలికైన క్రీడ అంత ప్రమాదకరమెలా అయినది? మునిగిపోయేవాడు సినిమాలో వలె కేకలు వేసి చేతులు ఊపడు. నీటిలో మొగం పెట్టి చేపలను చూస్తున్నవాడు, స్పృహ తప్పినవాడు దూరానికి ఒక్కతీరుగానే కనబడతారు. అందుకే జంటగా పోవడం. అందుకే మోకాలిలోతులో ఊపిరి అలవాటు చేసుకొన్న తరువాతనే ముందుకు సాగడం. అందుకే కన్ను మరల్చని మార్గదర్శి.

ఇది చదివే ఉపాధ్యాయులలో ఎక్కువమంది హనౌమాకు పోకపోవచ్చును. కాని కార్తీక వనభోజనాలకో, విహారయాత్రకో పిల్లలను వెంటబెట్టుకొని సూర్యలంకకో విశాఖకో పోనివారు అరుదు. కేరింతలు కొడుతూ దిగిన విద్యార్థులు తిరిగి రాలేదన్న వార్త మన పత్రికలలో తరచుగా చదువుతూనే ఉన్నాము. మన తీరంలో పగడపు దిబ్బ అడ్డు లేదు; కెరటం నేరుగా వచ్చి పడుతుంది, వెనుదిరిగే నీరు కాలువకట్టి మనిషిని లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకు ఎదురీదరాదు, ఒడ్డుకు సమాంతరంగా ఈది ప్రక్కకు తప్పుకోవాలి అన్న ఒక్క మాట, బస్సు దిగకముందే చెప్పడానికి తొమ్మిది నిమిషాలు కూడా పట్టదు. ఈత రాని పిల్లలు ఎందరో అడిగి తెలుసుకోవడానికి మరి రెండు నిమిషాలు.

సముద్రాన్ని చూపకుండా పిల్లలను ఇంట కూర్చోబెట్టుమని నా అభిప్రాయం కాదు. భయపడి చూడనివాడు, చదవక దిగినవాడు ఇద్దరూ సముద్రాన్ని ఎరుగరు. వైకికీ గురువులు ఎనుబదేళ్ళ క్రితం ఈ రెంటికీ నడిమి దారి చూపారు: శిష్యుణ్ణి నీటిలోనికి పోనిచ్చారు, తాము మాత్రం నిలబడ్డారు. మన ఉపాధ్యాయునికి పలక అక్కరలేదు, తెడ్డు అక్కరలేదు. ఇసుకలో తుండుగుడ్డ పరచుకొని కూర్చోక, ఆ గంటసేపు నిలబడి, దిగిన తలలను లెక్కపెడుతూ ఉంటే చాలును. అన్ని తలలూ ఒడ్డుకు చేరిన పిమ్మట ఆయన కూర్చోవచ్చును.