వాక్యం తడబడినా కథ నిలబడుతుంది

పోలండ్ రచయిత ఆంద్జేయ్ సాప్‌కోవ్‌స్కీ రాసిన 'విచర్' పుస్తకాల్ని ఇంగ్లీషు అనువాదంలో చదివినవాళ్ళు తరచుగా చేసే ఫిర్యాదు ఒకటుంది: వచనం సాఫీగా నడవదు. సంభాషణలు బిగుసుకుపోయి ఉంటాయి, రాజుల మంతనాలు పేజీలకు పేజీలు సాగుతాయి, ఎక్కడ నవ్వాలో అంతుపట్టదు. ఆ ఫిర్యాదు చేసినవాళ్ళే తర్వాతి పుస్తకం కోసం వెతుక్కుంటారు. దీన్ని అభిరుచి లోపం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. కథ బలమంతా వాక్యంలోనే ఉండదు. సంఘటనల అమరికలో, మనుషుల మధ్య పడే ముడుల్లో కూడా ఉంటుంది. అనువాదంలో ముందు దెబ్బతినేది వాక్యం. ముడి అంత తేలిగ్గా ఊడదు.

సిరి కథే చూడండి. డబ్బు తీసుకుని రాక్షసుల్ని వేటాడే గెరాల్ట్ ఒకసారి ఒకతన్ని కాపాడతాడు. ప్రతిఫలంగా, అతనికి ఇప్పటికే దక్కి ఇంకా తెలియనిదేదో దాన్ని ఇమ్మంటాడు. అతను ప్రేమించిన రాకుమారి అప్పటికే గర్భవతి. ఆ లెక్కన పుట్టబోయే బిడ్డ, అంటే సిరి, గెరాల్ట్‌కు చెందాలి. ఆ బాధ్యత నుంచి గెరాల్ట్ ఏళ్ళ తరబడి తప్పించుకు తిరుగుతాడు. ఈలోగా యుద్ధం వచ్చి సిరి పెరిగిన నగరం తగలబడుతుంది. తర్వాత యుర్గా అనే వర్తకుణ్ణి కాపాడి మళ్ళీ అలాంటి కోరికే కోరతాడు: ఇంటికి వెళ్ళాక అనుకోనిదేది కనిపిస్తే అది. యుర్గా ఇల్లు చేరేసరికి అతని భార్య ఒక అనాథ పిల్లను చేరదీసి ఉంటుంది. ఆ పిల్లే సిరి. తెలియక ఇచ్చిన మాట మనిషిని ఎలా కట్టిపడేస్తుందో జానపద కథలు వింటూ పెరిగినవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎంత మొద్దు వాక్యాల్లో చెప్పినా ఆ కలయిక దగ్గర గొంతు పూడుకుపోతుంది.

ఇంగ్లీషు పాఠకులకు ఎదురైన ఇబ్బంది వచనం ఒక్కటే కాదు. మొదటి కథల సంపుటి 'ద లాస్ట్ విష్' 2007లో, తొలి నవల 'బ్లడ్ ఆఫ్ ఎల్వ్స్' 2008లో వచ్చాయి. ఆ రెంటికీ నడుమ చదవాల్సిన 'స్వోర్డ్ ఆఫ్ డెస్టినీ' మాత్రం 2015 దాకా రాలేదు. యుర్గా ఇంటి ఘట్టం ఉన్నది సరిగ్గా అందులోనే! గెరాల్ట్, సిరి ఎలా కలిశారో చదవకుండానే చాలామంది వాళ్ళ వెంట నడిచారు. పునాదిలో ఇంత ఖాళీ ఉన్నా మేడ నిలిచింది.

ఈ ఆదరణంతా పుస్తకాల ఆధారంగా వచ్చిన వీడియో గేముల పుణ్యమని అనొచ్చు. మొదటి గేమ్ కూడా 2007లోనే వచ్చింది, పాఠకుల్ని తెచ్చిన మాటా నిజమే. కానీ గేమ్ మనిషిని మొదటి పుస్తకం దాకా తీసుకురాగలదు. ఐదో నవల చివరి పేజీ దాకా కూర్చోబెట్టేది కథే. శైలి లేనిది సాహిత్యమేమిటన్న ప్రశ్న ఇంకా బరువైనది. కవిత్వం విషయంలో దానికి నా దగ్గర జవాబు లేదు. పెద్ద కథ సంగతి వేరు. మాస్కో నుంచి వచ్చిన సోవియట్ పుస్తకాల తెలుగు అక్కడక్కడా కృతకంగా ఉన్నా, నోరు తిరగని పేర్లున్నా, మనవాళ్ళు వాటిని గుండెలకు హత్తుకున్నారు. పైగా పొడవాటి సిరీస్‌కు ఒక సౌకర్యముంది. రెండో పుస్తకానికల్లా మాంత్రికురాలు యెన్నెఫర్ ఎలా మాట్లాడుతుందో పాఠకుడికి తెలిసిపోతుంది, పేజీ మీద లేని స్వరాన్ని తనే నింపుకుంటాడు.

అలాగని ప్రచురణకర్తల్ని వదిలేయమనడం లేదు. సాప్‌కోవ్‌స్కీ పోలిష్‌లో పాతకాలపు పలుకుబడి పక్కనే ఆధునిక శాస్త్ర పదాలు పడతాయి, ఆ రాపిడిలోంచే హాస్యం పుడుతుంది. అనువాదంలో అది పొరపాటులా కనిపిస్తే నష్టపోయేది రచయితా, పాఠకుడూ ఇద్దరూ. కథను ప్రేమించినవాళ్ళకే మంచి అనువాదం కావాలని గట్టిగా అడిగే హక్కు ఎక్కువ. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకు వరుస చిక్కు లేదు: ముందు 'ద లాస్ట్ విష్', వెంటనే 'స్వోర్డ్ ఆఫ్ డెస్టినీ', ఆ తర్వాతే నవలలు.