జీతగాడి పేరే... రాజుల గోత్రం!

సూర్యుడి మనవలమన్నవారు కొందరు. కరికాలుడి వారసులమన్నవారు ఇంకొందరు. పాలమూరు, నల్లగొండ గడ్డను ఏలిన రాజుల ‘తాతల కథలు’ అన్నీ ఇన్నీ కావు. వాటిలో ఒకటి మాత్రం రాజుది కాదు... రాజు కోసం తల ఇచ్చిన జీతగాడిది!

అనగనగా నల్లగొండ సీమలో ఆమనగల్లు. అక్కడ చెవిరెడ్డి అనే కాపు. జీతగాడు రేచడితో కలిసి పొలం దున్నుతుంటే నిధి జాడ దొరికింది. తీయబోతే, నరబలి ఇస్తేనే అంటూ ఓ గొంతు అడ్డుపడింది. అది మర్రిచెట్టు మీది బేతాళుడిదని కొందరంటారు. రెడ్డి దిక్కుతోచక నిలబడిపోయాడు. ‘నేను సిద్ధం’ అన్నాడు రేచడు. అయితే రెండు షరతులు పెట్టాడు. ఒకటి... మీ వంశం నా పేరునే గోత్రంగా చెప్పుకోవాలి. రెండు... మీ ఇంట పెళ్లి జరిగే ముందు మా ఇంట ఒక పెళ్లి చేయాలి. రెడ్డి ఒప్పుకున్నాడు. రేచడి తల తెగింది. నిధి చేతికొచ్చింది. చెవిరెడ్డి కాస్తా పిల్లలమర్రి బేతాళరెడ్డి అయ్యాడు!

రాచకొండ, దేవరకొండలను ఏలిన రేచర్ల పద్మనాయకుల పుట్టుకథ ఇది. వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురం సంస్థానాధీశులు ఈ వంశవృక్షపు కొమ్మలే. ‘వెలుగోటివారి వంశావళి’లో బేతాళరెడ్డే మూలపురుషుడు. నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో ఆ గ్రంథాన్ని అచ్చువేసింది.

తాత కావాలి... గొప్ప తాత!

కొత్తగా గద్దెనెక్కినవాడికి కత్తి ఒక్కటే చాలదు. ‘నువ్వెవరివయ్యా’ అని అడిగితే చెప్పుకోవడానికి ఓ వంశం కావాలి. దానం పుచ్చుకున్న పండితుడు, ఆస్థాన కవి ఆ లోటు తీర్చేవారు. పానగల్లు కేంద్రంగా పాలించిన కందూరు చోడులనే తీసుకోండి. నల్లగొండ పక్కన ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు వీరి కాలపు గుర్తులే. కందూరేమో పాలమూరులో ఉంది. కావేరికి కరకట్టలు కట్టించిన కరికాల చోళుడేమో ఎక్కడో తమిళదేశంలో! అయినా ఆయనే తమ పూర్వికుడన్నారు. సూర్యవంశం, కాశ్యప గోత్రం అన్నారు. ఒక్క వీరే కాదు, తెలుగు చోడుల శాఖలన్నిటికీ కరికాలుడే పెద్దదిక్కు.

కాకతీయులూ ఈ ముచ్చటకు దూరం కాలేదు. సముద్ర వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన శాసనం ఆ వంశాన్ని సూర్యుడి దాకా తీసుకెళ్లింది. గరవపాడు శాసనంలోనైతే కరికాలుడు వేటకొచ్చి ‘కాకతి’ అనే చోట విడిది చేశాడు!

పాలమూరు రాళ్లు చెప్పిన మాట

మరి ఆ రాజుల సామంతులేమన్నారు? కాకతీయుల సేనాని మల్యాల గుండయ కాలపు భూత్పూరు, వడ్డెమాను శాసనాలు సూర్యుడి జోలికి పోలేదు. కాకతీయులు చతుర్థ కులంవారని చెప్పాయి. దాన్ని తక్కువతనంగా కాదు, పొగడ్తగానే! ఆ గుండయ భార్యే కుప్పాంబిక. రంగనాథ రామాయణ కర్తగా పేరున్న గోన బుద్ధారెడ్డి కూతురు. భర్త పోయాక ఆమె 1276లో వేయించిన బూదపురం శాసనమూ ఈ భూత్పూరుదే.

ప్రతాపరుద్రుడి ఆస్థాన కవి విద్యానాథుడైతే ఇంకా గడుసువాడు. సూర్యచంద్ర వంశాలను మించినది కాకతీయ వంశం అనేశాడు. ఆ రెండింటిలో దేనికి చెందిందన్న ప్రశ్నే లేకుండా పోయింది!

రాచకొండ ప్రభువు సింగభూపాలుడిదీ అదే దారి. తన ‘రసార్ణవ సుధాకరం’లో తమది విష్ణుపాదాల నుంచి పుట్టిన వర్ణమని, గంగ పుట్టింది కూడా అక్కడే కదా అని గర్వంగా రాసుకున్నాడు. గంగకు తోబుట్టువులమంటే అంతకంటే గొప్పేముంది?

ఐర్లాండ్‌లోనూ ఇంతే!

ఈ తాతల పిచ్చి మనకే సొంతం కాదు. పదకొండో శతాబ్దంలో ఐర్లాండ్ పండితులు ‘ఆక్రమణల గ్రంథం’ కూర్చారు. దాని ప్రకారం అక్కడి రాజుల మూలపురుషుడు స్పెయిన్ వీరుడు మీల్. వంశంలో ఈజిప్టు ఫారో కూతురు స్కోటా కూడా ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే బైబిలు నోవా! మనవాళ్లు సూర్యుణ్ని పట్టుకుంటే వాళ్లు నోవాను పట్టుకున్నారు. అంతే తేడా.

నిజమెంత?

రేచడి కథను శాసనాలతో పోల్చి చూస్తే చిక్కులున్నాయి. ‘రేచర్ల’ పేరు పద్మనాయకులకే పరిమితం కాదు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో గుళ్లు కట్టించిన రెడ్డి సామంతులూ రేచర్లవారే. అక్కడి ఎరకేశ్వరాలయం నాటికే, అంటే 1208కే, ఆ పేరుకు పరపతి ఉంది. పైగా మాచర్లలా, బాదేపల్లి పక్కన జడ్చర్లలా ‘చర్ల’ అనేది ఊరి పేర్లకుండే తోక. ఊరి పేరే వంశానికి వచ్చి, ఆ పేరుకు సమాధానంగా తర్వాత కథ పుట్టి ఉండవచ్చు.

అయినా ఈ కథను కొట్టిపారేయలేం. సూర్యుణ్ని తాతగా చెప్పుకోవడం సులువు. దానికి ఎవరికీ బాకీ పడక్కర్లేదు. కానీ ‘మా సిరికి మూలం ఒక దళితుడి ప్రాణం’ అని రాజవంశమే తన పుట్టుకథలో చెప్పుకోవడం అరుదు. ఆ ఒప్పుకోలులోనూ ఓ కిటుకుంది. తల తీయించుకున్నవాడు తనంతట తానే ముందుకొచ్చాడని చెప్పింది ఎవరు? నిధి దక్కినవారే! రేచడి ఇంటివారిని అడిగితే కథ ఎలా ఉండేదో... దాన్ని రాసిపెట్టడానికి వారికి ఆస్థాన కవి లేడు.

రాచకొండ కోట గోడలు కూలాయి. సంస్థానాలూ పోయాయి. రేచడి పేరు మాత్రం పెళ్లి పీటల మీద గోత్రమై ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆయన పెట్టిన షరతుల్లో మొదటిది నిలిచింది. పేరు నిలపడానికి ఖర్చేమీ లేదు మరి!