చేను పోయింది కౌలుదారుకు, పరిహారం పట్టాదారుకు!

అమలాపురం: సార్వా చేలు కంకి వంచే రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. గోదావరి డెల్టా రైతుకు ఈ సంగతి తాతల నాటి నుంచీ తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చిపెట్టిన తుఫానులో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ తరువాత 2012లో నీలం, 2013లో హెలెన్, 2018 డిసెంబరులో పెథాయ్ వచ్చాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల వద్ద తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. సముద్రం వేడెక్కేకొద్దీ తుఫానులు మోసుకువచ్చే వాన పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు.

మనుషుల ప్రాణాల విషయంలో పరిస్థితి చాలా మెరుగుపడిందని ఒప్పుకోవలసిందే. తుఫాను ఎప్పుడు, ఎక్కడ తీరం దాటుతుందో ముందే తెలుస్తున్నది. తీర గ్రామాల వారిని పునరావాస కేంద్రాలకు తరలిస్తున్నారు. 1977 దివిసీమ ఉప్పెన నాటి దుస్థితి ఇప్పుడు లేదు. చిక్కల్లా తుఫాను వెళ్ళిపోయిన మర్నాడు మొదలవుతున్నది.

ఆ ఉదయం చేలో దిగేది కౌలు రైతు. పడిపోయిన దుబ్బులను నాలుగైదు చొప్పున లేవనెత్తి కట్టలు కట్టాలి. గట్లు తెగగొట్టి నీరు బోదెలోకి తీయాలి. కంకి మీదనే గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలని వ్యవసాయాధికారులు చెబుతారు. కోసిన పనలు నీట మునిగితే వాటిని గట్టు మీదకు మోయాలి. చేలో బురద ఉంటే కోత యంత్రం దిగదు, దిగినా గంటల లెక్కన బాడుగ తడిసి మోపెడవుతుంది. అందరి చేలూ ఒక్కసారే పడిపోయాయి గనుక కూలీలు దొరకరు, దొరికినా రేటు మామూలు రేటు కాదు. ఈ ఖర్చంతా కౌలుదారుదే. ఆ మీదట ధాన్యం రంగు మారిందనీ, తేమ 17 శాతం దాటిందనీ కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తే ఆ నష్టం కూడా అతనిదే.

పంట నష్టం లెక్క కట్టడానికి ఉద్యోగులు వచ్చినప్పుడు మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. మూడోవంతు, అంటే 33 శాతం మించి పంట పోయిన చేనుకు పెట్టుబడి రాయితీ వస్తుంది. అది ఎవరి పేర రావాలి? పంట నమోదులో ఎవరి పేరుంటే వారికి. నమోదులో ఎవరి పేరుంటుంది? సాగుదారుగా గుర్తింపు కాగితం లేనిచోట పాసుపుస్తకం ఎవరిదైతే వారిదే ఉంటుంది. ఆ ఆసామీ హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండవచ్చు. చేను ఏ కాలువ కింద ఉన్నదో కూడా ఆయన పిల్లలకు తెలియకపోవచ్చు. డబ్బు మాత్రం ఆయన ఖాతాలో పడుతుంది. కొందరు ఆసాములు ఆ మొత్తాన్ని కౌలుదారుకు ఇచ్చివేస్తారు, కొందరు సగం ఇస్తారు. ఇవ్వకపోతే అడిగే హక్కు ఉన్నదని రుజువు చేసే కాగితం కౌలుదారు దగ్గర ఉండదు. అడిగితే వచ్చే ఏడాది చేను చేతిలో ఉండదేమోనన్న భయం వేరే ఉన్నది.

ఇది ఏ ఒకరిద్దరి గోడో కాదు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం కౌలు కమతాల వాటాలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఇక్కడ 42 శాతం కమతాల్లో కౌలు భూమి ఉన్నట్టు తేలింది. దేశం మొత్తం మీద ఆ వాటా 17 శాతం దగ్గర ఉన్నది. కాలువ నీరు పారే డెల్టాల్లో కౌలు సాగు ఎంత ఎక్కువో ఏ ఊరి రచ్చబండ దగ్గర అడిగినా చెబుతారు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1956 నాటి కౌలుదారీ చట్టం మక్తా ఎంతకు మించరాదో కూడా చెప్పింది. కౌలుదారుకు హక్కు పుడుతుందేమోనన్న బెదురుతో ఆసాములు రాతకోతలు మానేశారు. నోటిమాట కౌళ్ళే మిగిలాయి. 2011లో వచ్చిన చట్టం సాగుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వమన్నది. ఆ కార్డుకు ఆసామీ సంతకంతో పనిలేదు. గ్రామంలో విచారించి ఇవ్వవచ్చు. అయితే కార్డులు పుచ్చుకున్న వారిలో చాలామందికి బ్యాంకు గుమ్మం దగ్గర చుక్కెదురైంది. అదే సర్వే నంబరు మీద ఆసామీ అప్పటికే పంట రుణం తీసుకొని ఉంటే రెండో అప్పు ఎలా ఇస్తామని అధికారులు అడిగారు. 2019లో మరో చట్టం వచ్చింది. పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలకు చెల్లుతుంది, భూమి మీద ఏ హక్కూ పుట్టదు అని ఆసాములకు అందులో అభయమిచ్చారు. కాని ఆ పత్రానికి ఆసామీ సంతకం కావాలన్నారు. సంతకం దగ్గరే బండి ఆగింది. ఆసామీ భయం పూర్తిగా అర్థంలేనిదని కొట్టివేయలేము. ఉన్న ఎకరమో రెండెకరాలో పోతే ఎలాగన్న బెంగ చిన్న ఆసామీకీ ఉంటుంది. అయినా ఆ భయానికి ఖరీదు కడుతున్నది ఎవరన్నది చూడాలి.

అప్పు సంగతి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మూడు లక్షల లోపు పంట రుణం తీసుకొని గడువులోగా కట్టినవారికి కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీతో నూటికి ఏడాదికి 4 రూపాయలే పడుతుంది. బ్యాంకు మొహం చూడని కౌలుదారు ఎరువుల దుకాణంలోనో కమీషన్ వ్యాపారి దగ్గరో నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు. అంటే ఏడాదికి 24. పండిన ధాన్యం ఆ వ్యాపారికే తోలాలన్న షరతు ఒకటి. తుఫానులో పంట పోయిన ఏడాది ఆ అప్పు దాళ్వా మీదకు, దాళ్వా అప్పు మళ్ళీ సార్వా మీదకు దొర్లుతుంది. 2019 నుంచి కేంద్రం ఏటా ఇస్తున్న 6,000 రూపాయలకు కూడా సొంత భూమి ఉన్న కుటుంబాలే అర్హులు.

తుఫానులకు తట్టుకొనే ఉపాయాలు లేకపోలేదు. జూన్ మొదట్లోనే కాలువలకు నీరు వదిలితే నాట్లు త్వరగా పడి, పెనుగాలుల రోజులు రాకముందే కోతలు ముగించవచ్చు. 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1న నీరు వదలడంలో ఉద్దేశం అదే. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం డెల్టాను ఏలింది. దాని పంటకాలం ఐదు నెలల దాకా ఉంటుంది. అంతకంటె త్వరగా కోతకు వచ్చే రకాలు, పడిపోని రకాలు, ముంపుకు ఓర్చుకునే రకాలు వచ్చాయి. మంచిదే. అయితే కౌలు ఒప్పందం ఆలస్యంగా కుదిరిన రైతు, విత్తనానికి దుకాణదారు అరువు మీద ఆధారపడిన రైతు, ఏ రకం ఎప్పుడు వేయాలో తానుగా నిర్ణయించుకోలేడు. అరువుకు ఏది దొరికితే అదే విత్తనం.

మురుగు కాలువల గొడవ మరొకటి. గుర్రపుడెక్క, పూడిక, ఆక్రమణలు కలిసి నీటిని కదలనివ్వవు. మెరక చేలలో ఒక్క రోజులో దిగే నీరు పల్లంలో వారం నిలుస్తుంది. పల్లం చేలకు మక్తా నాలుగు బస్తాలు తక్కువ అని అక్కడికే పోయేది చేతిలో డబ్బు ఆడని కౌలుదారు. బీమా లెక్కకు వరిలో గ్రామాన్ని యూనిట్‌గా తీసుకొని సగటు దిగుబడి కడితే మెరక చేల పంట పల్లం చేల నష్టాన్ని కప్పేస్తుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టినప్పుడు వచ్చిన ఫిర్యాదులలో ఈ మురుగు కాలువలూ ఉన్నాయి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో పంట విరామం మాట మళ్ళీ వినిపించింది. ఆసామీ చేను బీడు పెడితే ఆయనకు ఆ ఏడాది మక్తా పోతుంది. కౌలుదారుకు బతుకుదెరువే పోతుంది.

కౌలుదారు కంటె కింది మెట్టున ఉన్నవారి పేరు ఏ జాబితాలోనూ కనిపించదు. కోతలు లేక పనిదినాలు పోగొట్టుకున్న కూలీలు, కొబ్బరి చెట్లు కూలిన తోటలో దింపు పని పోయిన కార్మికులు, పీచు పని మీద బతికే ఆడవారు ఈ కోవలోని వారే. చెట్టు కూలితే చెట్టుకు ఇంత అని తోట యజమానికి ఇస్తారు. ఆ చెట్టు ఎక్కి బతికినవాడికి లెక్క లేదు. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది.

ఆసామీ సంతకం కోసం తిరగకుండా, పంట నమోదు సమయంలోనే చేను గట్టు మీద నిలబడి సాగు చేస్తున్నదెవరో ఇరుగుపొరుగు రైతుల ఎదుట విచారించి రాసుకుంటే సగం చిక్కు విడిపోతుందని కౌలు రైతుల సంఘాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. గ్రామ సచివాలయంలో జాబితా అంటించి అభ్యంతరాలకు వారం గడువు ఇస్తే దొంగ పేర్లు చేరే వీలూ తగ్గుతుంది. చేను దున్నేది ఎవరో ఊళ్ళో తెలియనివారు ఉండరు.

పంట పోయిన ఏడాది మక్తాలో తరుగు ఇచ్చే ఆసాములు కొన్ని గ్రామాలలో ఉన్నారు. బస్తాకు 75 కిలోల లెక్కన ముందు ఒప్పుకున్నదానిలో సగమే పుచ్చుకునేవారు, ఆ ఏటికి పూర్తిగా వదిలేసేవారు కూడా లేకపోలేదు. అలాంటి ఆసామీ దొరకని కౌలుదారు మాత్రం మునిగిన చేలో మిగిలిన నాలుగు గింజలు నూర్చి, ముందు మక్తా కొలిచి, తరువాత దుకాణదారు ఖాతా చూసుకోవలసి వస్తున్నది.