స్వల్ప విజయము

ఆటలయందు కొన్ని గెలుపులు ఘనముగా నుండును; కొన్ని తృటిలో దక్కును. కావలి మొదలైన పట్టణములలో సెలవుదినములందు క్రికెట్టు ఆడు బాలురకు ఒక్క పరుగు తేడాతో గెలిచిన ఆటయే చిరకాలము జ్ఞాపకముండును. అయితే అట్టి గెలుపు జట్టు బలమును తెలుపునా? అదృష్టమును తెలుపునా?

బేస్‌బాల్ అనునది అమెరికాలో ప్రసిద్ధి చెందిన ఆట. క్రికెట్టువలె ఇందును బంతిని బ్యాటుతో కొట్టి పరుగులు తీయుదురు. అక్కడి పెద్ద పోటీలలో ప్రతి జట్టును ఏటికి 162 ఆటలాడును. 2016వ సంవత్సరమున టెక్సస్ రేంజర్స్ అను జట్టు ఒక్క పరుగు తేడాతో ముగిసిన 47 ఆటలలో 36 గెలిచెను. మరుసటి యేడు అట్టి ఆటలు 37 జరుగగా, 13 మాత్రమే గెలిచెను. ఒక్క పరుగు తేడా గల ఆటలో చేజారిన క్యాచి యొకటి చాలును, ఫలితము తారుమారగుటకు. అదృష్టము ప్రతియేడు ఒకే పక్షమున నిలువదు.

మన తెలుగునాట నుండియు దీనికొక నిదర్శనము కలదు. ఇండియన్ ప్రీమియర్ లీగ్ అను క్రికెట్టు పోటీలో 2008న హైదరాబాదు జట్టగు డెక్కన్ ఛార్జర్స్ 14 ఆటలాడి రెండే గెలిచి, అందరికంటె క్రింద నిలిచెను. 2009లో ఆ పోటీలు దక్షిణాఫ్రికాలో జరిగెను. ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వమున ఆ జట్టు మొదటి నాలుగు ఆటలను వరుసగా గెలిచెను. వానిలో ముంబయి జట్టుపై గెలుపు 12 పరుగులది మాత్రమే. ఇక తమకు ఎదురులేదని అభిమానులు తలచి యుందురు. కాని తరువాతి పది ఆటలలో ఏడు ఓడిపోయెను.

మే 16వ తేదీన కలకత్తా జట్టుతో ఆడునప్పుడు చివరి ఓవరులో 21 పరుగులు కావలసి యుండెను. రోహిత్ శర్మ చివరి బంతిని సిక్సరుగా కొట్టి గెలిపించెను. మరునాడే పంజాబు జట్టు చేతిలో అదే డెక్కన్ జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడెను. ఒక్కరోజులో ఆ జట్టు బలము పెరుగనులేదు, తరుగనులేదు.

అయినను ఆటగాండ్రు నిరుత్సాహపడలేదు. నాలుగవ స్థానముతో సెమీఫైనలు చేరి, గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులు చేయగా, పట్టికలో మొదటిదైన ఢిల్లీ జట్టును ఓడించిరి. మే 24న జొహానెస్‌బర్గులో జరిగిన ఫైనలులో నాయకుడు సున్నకే వెనుదిరిగెను. ఐనను హెర్షెల్ గిబ్స్ 53 పరుగులతో నిలిచెను. తక్కిన వారు తమ 143 పరుగులను కాపాడుకొని, బెంగుళూరు జట్టును 6 పరుగులతో గెలిచిరి. ఆ జట్టు 2012లో రద్దయినను, ఆ విజయము మరపురానిది.

బాలలారా! పట్టికలో స్వల్ప విజయమునకును ఘనవిజయమునకును లభించు గుణములు సమానమే. కనుక దానిని చులకన చేయరాదు. అయితే మొదటి గెలుపులను చూచి అభ్యాసమును మానిన జట్టు అదృష్టమును నమ్ముకొన్నట్లగును. గెలిచిన నాడును మన లోపములను ఎంచుకొనుట, ఓడిన నాడును ధైర్యము విడువకుండుట, ఈ రెండును నేర్చినవాడే నిజమైన ఆటగాడు.