ఐ.ఐ.టి. ప్రవేశము: అంచనా వేయు విధము

మన పుత్తూరునుండి రేణిగుంట మీదుగా పోయినచో యేర్పేడు చేరువనే యున్నది. అచట తిరుపతి ఐ.ఐ.టి. కలదు, అది 2015వ సంవత్సరమున ఆరంభమైనది. విద్యాలయము చేరువయైనను ప్రవేశము చేరువ గాదు. "మా బిడ్డకు సీటు వచ్చునా?" యని తలిదండ్రులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. జోస్యము చెప్పుట మా పని గాదు. లెక్క చూచు విధమును మాత్రము తెలిపెదము.

మొదటిది, పర్సెంటైలనగా మార్కుల శాతము గాదు. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో 95 పర్సెంటైలు వచ్చినదనగా, వ్రాసినవారిలో నూటికి అయిదుగురు మనకంటె ముందున్నారని యర్థము. 2024లో ఆ పరీక్ష వ్రాసినవారు సుమారు 14 లక్షలమంది. అందు నూటికి అయిదుగురనగా డెబ్బదివేలమంది!

రెండవది, అర్హత వేఱు, సీటు వేఱు. ఐ.ఐ.టి. సీట్లు అడ్వాన్సుడు పరీక్షలోని ర్యాంకును బట్టియే లభించును. 2024లో దానిని వ్రాసినవారు 1,80,200 మంది, అర్హులైనవారు 48,248 మంది, అన్ని ఐ.ఐ.టి.లలోని సీట్లు 17,740 మాత్రమే.

మూడవది, నిరుటి మార్కులను నమ్మి యీ యేటి ఫలమును చెప్పరాదు. సామాన్య జాబితాలో చేరుటకు 360 మార్కులకు 2022లో 55, 2023లో 86, 2024లో 109, 2025లో 74 కావలసివచ్చెను. ప్రశ్నపత్రము కఠినమైనప్పుడు హద్దు దిగును, సులభమైనప్పుడు ఎక్కును. కావున మార్కులకంటె ర్యాంకే నమ్మదగిన కొలత.

ర్యాంకు వచ్చిన పిమ్మట, సీట్లను కేటాయించు జోసా సంస్థ ప్రకటించు చివరి ర్యాంకులను మూడేండ్లవి చూడవలెను. తమ వర్గమునకును, తాము కోరిన శాఖకును చెందినవే చూడవలెను; వర్గపు ర్యాంకును సామాన్య ర్యాంకుతో పోల్చుట పొరపాటు. మూడేండ్ల హద్దులకును లోపలనున్నచో ఆశ మెండు, నడుమనున్నచో సందేహము, అన్నిటికిని వెలుపలనున్నచో ఆశ స్వల్పము.

పరీక్షకు ముందే యంచనా వేయగోరువారు పాత ప్రశ్నపత్రములను గడియారము ముందుంచుకొని పలుమార్లు వ్రాయవలెను. ఒక్కనాటి గొప్ప మార్కును గాక, అన్నిటి సగటును చూడవలెను. తెలుగు మాధ్యమమున చదువువారు మఱియొకటి గమనింపవలెను: మెయిన్ పరీక్షను తెలుగున వ్రాయవచ్చును గాని, అడ్వాన్సుడు ప్రశ్నపత్రము ఇంగ్లీషు, హిందీ భాషలలోనే యుండును.

తలిదండ్రులకు మా మనవి యొకటి. నూటికి పదిమందికి సీటు వచ్చునన్న లెక్క గుంపును గూర్చినది. మీ బిడ్డ పదిమందిలోనిదో, తొంబదిమందిలోనిదో అది చెప్పజాలదు. ఒక్క యంచనాను నమ్మి పొలము తాకట్టు పెట్టుటయు, ఒక్క పరీక్ష పోయినదని బిడ్డను నిందించుటయు తగదు. యేర్పేడులోనే ఐసర్ కలదు. దానికి వేఱు ప్రవేశపరీక్ష యున్నది. తాడేపల్లిగూడెములోని ఎన్.ఐ.టి. సీట్లలో సగము మన రాష్ట్రమువారికే. ఈ రెండు దారులకును దరఖాస్తులు గడువు మీఱక పంపుడు. అంచనా యన్నది ఏ దారికి ఎంత సిద్ధపడవలెనో తెలుపుటకే గాని, బిడ్డ విలువను కట్టుటకు గాదు.